ఎర్రమట్టి మీద చక్రాలు – 11: జహీరాబాద్‌లో జపాన్ బండి

నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో మొదలై, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మారిన తీరు గత వారం చూశాం. మనుషుల్ని మోసే బండి కథ అక్కడికి ఒక కొలిక్కి వచ్చింది. సరుకు మోసే బండి కథ మిగిలింది. ఆ కథలో పెద్ద మలుపు జహీరాబాద్‌లో, 1980లలో వచ్చింది. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఒకటి జపాన్ కంపెనీతో చేయి కలిపి చిన్న లారీల కర్మాగారం పెట్టింది. నాలుగైదేళ్లు తిరక్కుండానే అది చేతులెత్తేసింది. చివరకు బొంబాయి కంపెనీ వచ్చి దాన్ని ఎత్తుకుంది. ఈ వారం ఆ కథ.

ఎడ్లబండికి ఎక్కువ, లారీకి తక్కువ

1980 నాటి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలను ఒకసారి గుర్తు చేసుకుందాం. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి విస్తరించింది. కాలువ ఎక్కని మెట్ట ఊళ్లలో బావులు, బోర్ల కింద బత్తాయి తోటలు లేస్తున్నాయి. పాలమూరులో వేరుశనగ ప్రధాన పంట. బాదేపల్లి, గద్వాల మార్కెట్లు దాని మీదే నడిచేవి. నల్లగొండ పట్టణం బస్సును చూసిన ఎన్నో దశాబ్దాలకు గాని రైలును చూడలేదు. మహబూబ్‌నగర్ మీదుగా కర్నూలు వైపు వెళ్లే రైలు ఉన్నా, అది మీటర్ గేజ్. ఏ సరుకైనా చివరకు రోడ్డెక్కాల్సిందే.

రోడ్లకు లోటు లేదు. పుణె నుంచి మచిలీపట్నం పోయే తొమ్మిదో నంబరు జాతీయ రహదారి చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ మీదుగా నల్లగొండ జిల్లాను అడ్డంగా దాటేది. ఏడో నంబరు రహదారి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట మీదుగా పాలమూరు నడిమధ్యగా కృష్ణ దాటి కర్నూలు వెళ్లేది. లోటంతా బండికే. టాటా, లేలాండ్ లారీలు ఎనిమిది, తొమ్మిది టన్నులు మోస్తాయి. వాటికి దిగువన బజాజ్ టెంపో కంపెనీ మటాడోర్ లాంటివి టన్ను, టన్నున్నర మోసేవి. ఈ రెండింటి నడుమ రెండు నుంచి నాలుగు టన్నుల బరువుకు తగిన బండి దాదాపు లేదు.

సన్నకారు రైతు సరుకు సరిగ్గా ఆ ఖాళీలోనే పడేది. రెండెకరాల తోటలో ఒక కోతకు వచ్చే బత్తాయితో లారీ నిండదు. నిండని లారీకి కూడా పూర్తి కిరాయి కట్టాలి, లేదంటే ఇరుగుపొరుగు తోటల కాయ కూడా తెగేదాకా ఆగాలి. ఆగితే కాయ వాడుతుంది, దళారి ధర తగ్గిస్తాడు. పాలు, కూరగాయలు, కోళ్లు, ఎరువుల బస్తాలు, కిరాణా సరుకు అన్నిటిదీ ఇదే ఇబ్బంది. ఈ ఖాళీని దేశమంతటా జపాన్ బండ్లతో పూడ్చాలని ఢిల్లీలో నిర్ణయం జరిగింది. అందులో మన రాష్ట్రం వాటా జహీరాబాద్ కర్మాగారం.

సనత్‌నగర్‌లో పుట్టిన పేరు

ఆ కర్మాగారం వెనక ఉన్న ఆల్విన్ పేరు ఆనాటికే నలభై ఏళ్ల పాతది. నిజాం ప్రభుత్వం 1929లో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ అనే నిధి ఏర్పాటు చేసింది. సర్కారు సొమ్ముతో ప్రైవేటు వ్యాపారులను ముందు పెట్టి పరిశ్రమలు నిలబెట్టడం దాని పని. హైదరాబాద్ రాజ్యంలో అప్పట్లో లేచిన పెద్ద ఫ్యాక్టరీలు చాలావాటిలో ఆ నిధి చేయి ఉంది. 1942లో ఆ నిధి, సికింద్రాబాద్‌కు చెందిన అల్లాఉద్దీన్ కంపెనీ కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్‌ను స్థాపించాయి. సనత్‌నగర్‌లో దాని షెడ్లు వెలిశాయి.

ఇనుప రేకు వంచడం, వెల్డింగ్ చేయడం, రంగు వేయడం ఆ సంస్థ నైపుణ్యం. ఇనుప బీరువాలు, కుర్చీలు చేసింది. ఆల్బియన్ ఛాసిస్‌ల మీద బస్సు బాడీలు కట్టింది. హైదరాబాద్ వీధుల్లో తిరిగిన డబుల్ డెక్కర్లకు బాడీలు కట్టింది కూడా వీళ్లే. నల్లగొండ, దేవరకొండ, నాగర్‌కర్నూలు డిపోల బస్సుల్లో ప్రయాణించిన పాతతరం వాళ్లలో చాలామంది ఆల్విన్ పనితనం మీద కూర్చున్నవాళ్లే. తర్వాత ఆల్విన్ ఫ్రిజ్ ఇళ్లలోకి వచ్చింది. పుష్పక్ స్కూటర్ రోడ్డెక్కింది. 1981లో జపాన్ సీకో కంపెనీ సాంకేతికతతో ఆల్విన్ చేతి గడియారాలు వచ్చాయి. అప్పటికి సంస్థ పేరు హైదరాబాద్ ఆల్విన్ లిమిటెడ్, యాజమాన్యం రాష్ట్ర ప్రభుత్వానిది.

గడియారంతో జపాన్ రుచి తెలిసింది. బస్సు బాడీలతో మోటారు పరిశ్రమ పరిచయం ఉంది. రెండూ కలిపితే జపాన్ వాళ్ల సాంకేతికతతో సొంతంగా బండే చేయొచ్చన్న ఆలోచన సహజంగానే వచ్చింది. కాని బాడీ కట్టడం వేరు, బండి చేయడం వేరు. బాడీకి రేకు, కలప, అద్దం, రంగు చాలు. బండికి ఇంజిను, గేర్ బాక్సు, ఇరుసు, స్టీరింగు, బ్రేకులు, వాటిలో వేల సంఖ్యలో చిన్న చిన్న భాగాలు కావాలి. ఆ భాగాలు చేసే వందలాది చిన్న ఫ్యాక్టరీలు చుట్టుపక్కల ఉండాలి. పుణె చుట్టూ, మద్రాసు చుట్టూ అవి ఉన్నాయి. హైదరాబాద్ చుట్టూ అంతగా లేవు. ఈ లోటే ముందు ముందు మెడకు చుట్టుకుంది.

అందరి కళ్లూ గుర్గావ్ మీద

ఆ రోజుల్లో ఏ రాష్ట్ర ప్రభుత్వాన్ని కదిపినా మారుతి మాటే. దివాలా తీసిన కార్ల కంపెనీని పరాయిదేశపు భాగస్వామి లేవనెత్తడం అంటే ఏమిటో దేశం మొదటిసారి చూసింది అక్కడే. 1971లో సంజయ్ గాంధీ ముందుండి పెట్టిన మారుతి లిమిటెడ్ అమ్మకానికి కారే తేలేకపోయింది. అప్పులు మిగిలాయి. 1978లో హైకోర్టు దాన్ని మూసివేయమని ఆదేశించింది. 1980లో కేంద్రం ఆ ఆస్తులను జాతీయం చేసింది. 1981లో మారుతి ఉద్యోగ్ పుట్టింది. 1982 అక్టోబరులో సుజుకీతో ఒప్పందం కుదిరింది. సుజుకీ డ్రాయింగులు ఇవ్వడంతో ఆగలేదు, 26 శాతం వాటా కూడా కొన్నది. 1983 డిసెంబరులో మొదటి కారు బయటికి వచ్చింది.

మారుతి గెలుపులో జనం చూసింది కారు. లోపల జరిగిన అసలు పని వేరు. ఏడాదికి లక్ష కార్ల లక్ష్యం పెట్టుకుని, ఆ లక్షకు సరిపడా విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలను గుర్గావ్ చుట్టూ నిలబెట్టారు. కొన్నిటిలో మారుతి స్వయంగా వాటా పెట్టింది. లక్ష కార్లకు నాలుగు లక్షల చక్రాలు, లక్ష స్టీరింగులు కావాలి. అంత గిరాకీ కళ్లెదుట కనిపిస్తే ఏ వ్యాపారి అయినా అచ్చులు, యంత్రాలు కొని భాగాలు చేయడానికి ముందుకొస్తాడు.

నలుగురికి నాలుగు లైసెన్సులు

చిన్న లారీల విషయంలో కేంద్రం దీనికి తలకిందులుగా చేసింది. ఒక్క కంపెనీని ఎంచి దాని వెనక నిలబడకుండా, నలుగురు జపాన్ భాగస్వాములకు నాలుగు చోట్ల అనుమతులిచ్చింది. ఉత్తరప్రదేశ్ సూరజ్‌పూర్‌లో డీసీఎం టయోటా. పంజాబ్‌లో స్వరాజ్ మజ్దా. మధ్యప్రదేశ్ పీతంపూర్‌లో ఐషర్ మిత్సుబిషి. ఆంధ్రప్రదేశ్ జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్. నాలుగూ 1980ల నడుమ కొద్ది తేడాతో రోడ్డెక్కాయి. నాలుగూ ఒకే సైజు బండ్లు, ఒకే కొనుగోలుదారు కోసం పోటీపడ్డాయి.

జహీరాబాద్ అప్పట్లో మెదక్ జిల్లా. హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్లు, కర్ణాటక సరిహద్దు పక్కనే, తొమ్మిదో నంబరు రహదారి మీద. చెరకు, కంది పండే ఊళ్లు. వెనకబడిన ప్రాంతంలో పరిశ్రమ పెడితే రాయితీలిచ్చే కాలమది. రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిన ఎన్టీ రామారావు. తెలుగువాడి బండి తెలుగు నేల మీద తయారవుతుందన్న ఉత్సాహానికి అది సరైన అదను.

బండి మాత్రం మంచిదే. నిస్సాన్ క్యాబ్‌స్టార్ అప్పటికే జపాన్‌లో నలిగిన మోడల్. టాటా లారీ నడిపిన డ్రైవర్‌కు దాని స్టీరింగు తేలిక, క్యాబిన్ మెత్తన, ఇంజిన్ రొద తక్కువ. క్యాబిన్ ముందుకు వంగి లేచేది కాబట్టి మెకానిక్‌కు ఇంజిన్ అందుబాటులో ఉండేది.

నాలుగు కంపెనీలకూ కేంద్రం ఒకే షరతు పెట్టింది. మొదట భాగాలు జపాన్ నుంచి పెట్టెల్లో తెచ్చుకుని ఇక్కడ బిగించుకోవచ్చు. కాని ఏడాదికేడాది దేశీయ భాగాల పాళ్లు పెంచుతూ పోవాలి, ఐదేళ్లలో దాదాపు మొత్తం బండి ఇక్కడే తయారు కావాలి. కాగితం మీద చూస్తే న్యాయమైన షరతు. అయితే ఏడాదికి కొన్ని వేల బండ్లు చేసే కంపెనీ కోసం గేర్ బాక్సు అచ్చులు పోయించడానికి ఎవరు ముందుకొస్తారు? ఉన్న గిరాకీ నాలుగు వాటాలైంది. నలుగురి గేర్ బాక్సులూ నాలుగు రకాలు. ఒకరి భాగం ఇంకొకరికి పనికిరాదు. మారుతికి లక్ష కార్ల బలం ఉంటే, ఆల్విన్‌కు ఉన్నది షరతు ఒక్కటే.

న్యూయార్క్‌లో ఒక సంతకం

1985 సెప్టెంబరు 22న న్యూయార్క్ ప్లాజా హోటల్‌లో అమెరికా, జపాన్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ ఆర్థికమంత్రులు సమావేశమయ్యారు. డాలర్ విలువ మరీ పెరిగిపోయి తమ ఎగుమతులు దెబ్బతింటున్నాయని అమెరికా గోల. డాలర్‌ను దించి, యెన్, మార్కులను పెంచాలని ఐదుగురూ ఒప్పుకున్నారు. ఆ నెలలో ఒక డాలర్‌కు సుమారు 240 యెన్‌లు. 1987 చివరికి 120కి కాస్త అటూ ఇటూ. రెండేళ్లలో యెన్ విలువ రెట్టింపైంది.

రూపాయి లెక్కలో చూద్దాం. 1985 సెప్టెంబరులో ఒక యెన్ అంటే మనకు ఐదు పైసలు. 1988 నాటికి పది పైసలు దాటింది. జపాన్‌లో వెయ్యి యెన్‌ల ధర పలికే భాగం, అక్కడ ధర పైసా పెరక్కపోయినా, మనకు 50 రూపాయల నుంచి 100 రూపాయలు దాటింది. అక్కడితో అయిపోలేదు. దిగుమతి సుంకం శాతాల్లో వేస్తారు కాబట్టి సుంకం కూడా రెట్టింపైంది. బ్యాంకు నుంచి తెచ్చుకునే రోజువారీ అప్పు పెరిగింది, దాని మీద వడ్డీ పెరిగింది.

ఏటా ఇవ్వాల్సిన కౌలు రూపాయల్లో కాక బంగారంలో ఇస్తానని ఒప్పుకున్న కౌలుదారు పరిస్థితి ఇది. పంట బాగానే పండింది, ధరా పడిపోలేదు, అయినా కౌలు కట్టలేడు. జహీరాబాద్ షెడ్డులో కార్మికుడు చేసిన తప్పేమీ లేదు. బండిలో లోపమూ లేదు. బండి ఖరీదును నిర్ణయించే తాళం టోక్యోలో, న్యూయార్క్‌లో ఉండిపోయింది.

యెన్ దెబ్బ మారుతికీ తగిలింది. అదే నెలలో, అంతే బలంగా తగిలింది. మారుతి ఏం చేసింది? ఇక్కడ భాగాలు చేయించే పనిని ఇంకా తొందరపెట్టింది. అప్పటికే సరఫరాదారులు సిద్ధంగా ఉన్నారు, గిరాకీ ఉంది, ఢిల్లీ సర్కారు వెన్నుదన్ను ఉంది. దిగుమతి తగ్గిన కొద్దీ యెన్ పట్టు సడలింది. ఆల్విన్‌కు ఆ వెసులుబాటు లేదు. బండి ధర పెంచితే కొనేవాడు పోతాడు, పెంచకపోతే ప్రతి బండి మీదా నష్టం.

ఫోర్ నాట్ సెవెన్ వచ్చింది

ధర పెంచే దారి కూడా 1986లో మూసుకుపోయింది. టాటాల టెల్కో కంపెనీ ఆ ఏడాది 407 మోడల్‌ను విడుదల చేసింది. జపాన్ బండ్లు వస్తున్నాయని తెలిసినప్పటి నుంచి పుణె ఇంజనీర్లు సొంతంగా రూపొందించిన బండి అది. ఇంజిను సొంతం, గేర్ బాక్సు సొంతం, సరఫరాదారులు పాతవాళ్లే. అందులో యెన్‌తో ముడిపడ్డది ఏమీ లేదు.

407 అందంలో క్యాబ్‌స్టార్‌కు సాటి రాదు. రొద ఎక్కువ, కుదుపు ఎక్కువ. కాని దాని వాటం మన రోడ్లకు నప్పింది. దేవరకొండ, అచ్చంపేట దారుల గతుకుల మీద రెండింతలు బరువు వేసినా కమాను పట్టీలు తట్టుకునేవి. పాడైతే టాటా లారీ బాగుచేసే ఏ మేస్త్రీ అయినా చేయి పెట్టగలడు. స్పేర్ పార్టు సూర్యాపేటలో దొరకకపోతే హైదరాబాద్‌లో, అక్కడా లేకపోతే విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతుంది. అప్పు చేసి బండి కొని, కిరాయి వస్తేనే కిస్తీ కట్టగలిగే చిన్న యజమాని ముందు చూసేది ఇదే: బండి ఆగిపోతే ఎన్ని గంటల్లో మళ్లీ కదులుతుంది? జపాన్ నుంచి పార్టు రావాలన్న మాట వింటే అతను షోరూమ్ గడప తొక్కడు.

407 అప్పటి నుంచి ఆగలేదు. తర్వాతి మూడు దశాబ్దాల్లో ఐదు లక్షలకు పైగా బండ్లు అమ్ముడయ్యాయి. బత్తాయి, కోళ్లు, పెళ్లిబృందం, గణేశ విగ్రహం, కూలీల గుంపు, ఏదైనా దాని మీదే ఎక్కింది. పోటీలో ఓడిన డీసీఎం టయోటా కంపెనీ కనుమరుగైనా, మన తెలంగాణలో నడిమి సైజు లారీని ఇప్పటికీ డీసీఎం అనే పిలుస్తున్నాం. ఆల్విన్ నిస్సాన్‌కు ఆ మాత్రం గుర్తింపు కూడా మిగలలేదు.

ఖాయిలా, ఆపై చేయి మార్పు

1980ల చివరికి జహీరాబాద్ కర్మాగారం నష్టాల్లో కూరుకుపోయింది. ఖాయిలా పరిశ్రమల చట్టం 1985లో వచ్చింది. నష్టాలు పెట్టుబడిని మించిపోయిన కంపెనీల బాగోగులు తేల్చే బోర్డు 1987లో పని మొదలుపెట్టింది. దేశంలో ప్రభుత్వ రంగంలోనూ, ప్రైవేటులోనూ కంపెనీలు వరసగా ఆ గడప ఎక్కుతున్న రోజులవి. రాష్ట్ర ఖజానాకు బియ్యం పథకం, నీటి ప్రాజెక్టులు, జీతాలు ఉన్నాయి. లారీల కంపెనీలో ఏటా డబ్బు పోసే స్తోమత లేదు.

ఇక్కడ కథలో అందరూ ఎదురుచూసే మలుపు రాలేదు. నష్టపోయిన కంపెనీని జపాన్ భాగస్వామి నిలబెడుతుందని అనుకుంటాం. గుర్గావ్‌లో సుజుకీ తన వాటాను పెంచుకుంటూ పోయింది. జహీరాబాద్‌లో నిస్సాన్ ప్రధానంగా సాంకేతిక భాగస్వామి. డ్రాయింగులు ఇవ్వడం, భాగాలు అమ్మడం దాని పని. కంపెనీ మునిగితే దానికి పోయేది కొద్ది. అందువల్ల ఆదుకునే తొందర దానికి లేదు.

ఆదుకున్నది మహీంద్రా అండ్ మహీంద్రా. జీపులు, ట్రాక్టర్లతో స్థిరపడ్డ ఆ బొంబాయి సంస్థకు చిన్న లారీల రంగంలో అడుగుపెట్టాలని ఉంది. సిద్ధంగా ఉన్న కర్మాగారం, శిక్షణ పొందిన కార్మికులు, చేతిలో ఉన్న జపాన్ డిజైన్ చవకగా దొరికాయి. 1980లు ముగిసేలోగా యాజమాన్యం చేతులు మారి, కంపెనీ పేరు మహీంద్రా నిస్సాన్ ఆల్విన్ అయింది. కొన్నేళ్లకు అది మహీంద్రాలోనే విలీనమైంది. ఆల్విన్ పేరు, నిస్సాన్ పేరు రెండూ గేటు మీద నుంచి దిగిపోయాయి.

మహీంద్రా తెచ్చింది డబ్బు ఒక్కటే అనుకుంటే పొరపాటు. దేశమంతటా డీలర్లు, జీపుల కోసం ఏళ్ల తరబడి పెంచుకున్న విడిభాగాల సరఫరాదారులు, పల్లెటూరి కొనుగోలుదారు గురించి అనుభవం దానితో పాటు వచ్చాయి. ఆల్విన్‌కు లేనివి సరిగ్గా ఇవే. జహీరాబాద్ గేటు అందుకే మూతపడలేదు. ఆ ఆవరణలో తర్వాత మూడు చక్రాల బండ్లు వచ్చాయి, 2010లలో ట్రాక్టర్ల కర్మాగారం వచ్చింది. ఇప్పుడు ఎలక్ట్రిక్ బండ్ల పెట్టుబడులు కూడా వస్తున్నాయి.

మాతృసంస్థ హైదరాబాద్ ఆల్విన్‌కు ఆ అదృష్టం పట్టలేదు. అదీ ఖాయిలా పడింది. ఫ్రిజ్‌ల విభాగం 1990ల మొదటి సగంలో టాటాల వోల్టాస్ చేతికి పోయింది. గడియారాలు ఆగిపోయాయి.

ఆదుకున్నవాళ్లకూ ఆపదలు

మిగతా ముగ్గురి కథా క్లుప్తంగా చెప్పుకుందాం. డీసీఎం టయోటాను 1990ల నడుమ కొరియా డేవూ కొన్నది. సియెలో కార్లు తెచ్చింది. 1999లో డేవూ సామ్రాజ్యమే కూలింది, 2000 నవంబరులో డేవూ మోటార్ దివాలా తీసింది. ఆదుకోవడానికి వచ్చినవాడే మునగడంతో సూరజ్‌పూర్ కర్మాగారం మూతపడింది. ఐషర్ మాత్రం భాగాలను పట్టుదలగా దేశీయం చేసుకుని మిత్సుబిషి తోడు లేకుండా నిలబడింది, 2008లో స్వీడన్ వోల్వోతో సమాన హోదాలో జత కట్టింది. స్వరాజ్ మజ్దా తర్వాత జపాన్ సుమిటోమో చేతికి వెళ్లి, 2025లో మహీంద్రా సొంతమైంది. అంటే ఆ నాలుగు లైసెన్సుల్లో రెండు చివరకు ఒకే ఇంటికి చేరాయి.

జహీరాబాద్‌ను వదిలిన నిస్సాన్ గతి ఇంకా విచిత్రం. పదేళ్లు తిరిగేసరికి అదే దివాలా అంచుకు చేరింది. రెండు లక్షల కోట్ల యెన్‌లకు పైగా అప్పు. 1999 మార్చిలో ఫ్రాన్స్ రెనో కంపెనీ సుమారు 540 కోట్ల డాలర్లు పెట్టి 36.8 శాతం వాటా కొన్నది, తన అధికారి కార్లోస్ గోన్‌ను టోక్యో పంపింది. అక్టోబరులో ఆయన ప్రకటించిన పునరుద్ధరణ పథకంలో 21,000 ఉద్యోగాల కోత, ఐదు కర్మాగారాల మూత ఉన్నాయి. పత్రికలు వాటినే రాశాయి. లాభాలు తెచ్చిన అసలు కోత విడిభాగాల కొనుగోలులో జరిగింది. మూడేళ్లలో కొనుగోలు ఖర్చు 20 శాతం తగ్గించడానికి సరఫరాదారుల సంఖ్యను 1,145 నుంచి 600కు కుదించాడు. మిగిలిన ఒక్కొక్కరికి పెద్ద ఆర్డరు దక్కింది, ధర దిగింది. ఏడాదికే నిస్సాన్ లాభాల్లోకి వచ్చింది.

జహీరాబాద్‌ను నిలబెట్టిన మహీంద్రా తర్వాత తానే పరాయిదేశపు రక్షకుడి వేషం కట్టింది. కొరియాలో స్సాంగ్‌యాంగ్ కంపెనీ 2009లో కోర్టు రక్షణ కోరింది. చైనా యాజమాన్యం వదిలేసి పోయింది, కార్మికులు ప్యోంగ్‌టేక్ కర్మాగారంలో 77 రోజులు సమ్మె చేశారు. 2011లో మహీంద్రా 70 శాతం వాటా కొని నిలబెట్టింది. పదేళ్లు మోసింది. 2020లో ఇక డబ్బు పెట్టలేనంది, ఆ డిసెంబరులో స్సాంగ్‌యాంగ్ మళ్లీ కోర్టు మెట్లెక్కింది. 2022లో కొరియా సంస్థ కేజీ గ్రూప్ దాన్ని తీసుకుంది. కొరియాలో ఉన్న కంపెనీకి ముంబై నుంచి వెళ్లే డబ్బు ఊపిరి పోయగలిగింది గాని, తగినంతమంది కొనుగోలుదారులను తేలేకపోయింది.

దివిటిపల్లికి ఈ కథతో పనేమిటి?

ఇదంతా నలభై ఏళ్ల నాటి గోల అని కొట్టిపారేయడానికి లేదు. అవే ప్రశ్నలు ఇప్పుడు పాలమూరు గడ్డ మీదకు వచ్చాయి. పాత ఏడో నంబరు రహదారి, ఇప్పటి నలభై నాలుగో నంబరు మీద జడ్చర్ల దగ్గర ఒలెక్ట్రా కంపెనీ ఎలక్ట్రిక్ బస్సులు చేస్తూ వచ్చింది. దానికి చైనా బీవైడీ సాంకేతిక భాగస్వామి. బస్సులో అన్నిటికంటే ఖరీదైన బ్యాటరీ బీవైడీదే. ఒలెక్ట్రా మాతృసంస్థ మేఘాతో కలిసి బీవైడీ మన దేశంలో వంద కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతానంటే, 2023లో కేంద్రం ఒప్పుకోలేదు. భాగాలు రావొచ్చు, భాగస్వామి డబ్బు రాకూడదు. నలభై ఏళ్ల కిందట జహీరాబాద్‌లో ఉన్న పొత్తుకు ఇది దగ్గరి చుట్టం.

మహబూబ్‌నగర్ పక్కనే దివిటిపల్లిలో అమరరాజా సంస్థ 2023 మే 6న లిథియం బ్యాటరీ సెల్‌ల కర్మాగారానికి శంకుస్థాపన చేసింది. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి, 4,500 మందికి నేరుగా ఉపాధి అని ప్రకటించింది. సెల్ తయారీ పరిజ్ఞానం కోసం 2024లో చైనా గోషన్ హైటెక్ అనుబంధ సంస్థతో లైసెన్సు ఒప్పందం చేసుకుంది. లైసెన్సు చెడ్డదేమీ కాదు. ఐషర్‌కూ లైసెన్సే దక్కింది, అదే ఆధారంగా ఎదిగింది. ఆల్విన్‌కూ లైసెన్సే దక్కింది, అది దాని కిందే నలిగిపోయింది. ఇద్దరికీ తేడా తెచ్చింది భాగాలు ఎక్కడ తయారయ్యాయన్న ఒక్క విషయమే.

దివిటిపల్లి కర్మాగారం సెల్‌ను ఇక్కడే చేస్తే అది ఆల్విన్ దాటలేని గడపను దాటినట్టే. అయితే సెల్ లోపలి రసాయనాలు, రేకులు, యంత్రాలు చైనా నుంచే వస్తూ ఉంటే యువాన్ పెరిగిన రోజున, లేదా చైనా ఎగుమతి ఆంక్షలు పెట్టిన రోజున ఏం చేస్తామన్నది ఇప్పుడే అడగాలి. కర్మాగారం గేటు లోపల ఎంతమందికి ఉద్యోగాలన్నది ఎన్నికల సభల్లో నాయకులు చెబుతారు. గేటు బయట జడ్చర్ల, కొత్తూరు, చౌటుప్పల్ పారిశ్రామిక వాడల్లో ఆ కర్మాగారానికి సరుకు అందించే చిన్న ఫ్యాక్టరీలు ఎన్ని లేచాయన్నది మనమే లెక్కపెట్టుకోవాలి. జహీరాబాద్‌లో 1985లో ఆ లెక్క ఎవరూ అడగలేదు.

ఆల్విన్ నిస్సాన్‌ను ముంచింది యెన్ అని చాలామంది రాశారు. యెన్ దెబ్బ కొట్టిన మాట నిజమే. అదే దెబ్బ తిన్న మారుతి నిలిచింది, ఐషర్ నిలిచింది. విడిభాగాల పునాది లేకుండా, దేశమంతటి గిరాకీని నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కల్లో ఒకదాని మీద రాష్ట్ర ప్రభుత్వ సొమ్ముతో కర్మాగారం కట్టిన నిర్ణయమే దాన్ని ముంచింది. ఆ నిర్ణయంలో ఢిల్లీకి ఎంత భాగముందో హైదరాబాద్‌కూ అంతే భాగముంది.

(వచ్చే వారం: పాలమూరు మెట్ట సేద్యంలోకి ట్రాక్టర్ వచ్చిన కథ)